పై అరల్లో రంగులు

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు ఇద్దరు ఆడవాళ్ళు మెట్లెక్కి వచ్చి, చెప్పులు ఎక్కడ విడవాలని అడిగారు. అది మంగళవారం. అమీర్‌పేట రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేచి, వాటి మీద పట్టాలు ఇంకా పడని కాలం. పంజాగుట్టలో రెండో అంతస్తులో ఉన్న ఒక ఫిజియోథెరపీ సెంటర్లో నేను అప్పుడు ఆడవాళ్ళ విభాగానికి సీనియర్ థెరపిస్టును. సీనియర్ అంటే నా కింద ఒక జూనియర్ ఉండేదని అర్థం. ఆమె సెలవు పెట్టిన రోజున రెండు హోదాలూ నావే. ఆ రోజు ఆమె సెలవులో ఉంది.

వచ్చినవాళ్ళు అత్తాకోడళ్ళు. అత్త పేరు సత్తెమ్మ, అరవైకి దగ్గర్లో ఉంటుంది. కోడలు మౌనికకు ముప్ఫై ఉండవు. వాళ్ళకు అమీర్‌పేటలో ఒక మ్యాచింగ్ సెంటర్ ఉంది. అంటే చీర పట్టుకుపోతే దానికి సరిపోయే జాకెట్టు ముక్క, ఫాల్, లైనింగు తీసి ఇచ్చే దుకాణం. ఆ దుకాణం నిలుస్తుందా మూతపడుతుందా అన్నది ఒక భుజం మీద ఆధారపడి ఉందని ఆ ఉదయం నాకు తెలియదు. ఎవరి భుజమో కూడా సరిగా తెలియదు. చదివేవాళ్ళను కూడా నాలాగా తిప్పడం ఎందుకని ముందే చెబుతున్నాను.

సెంటర్ వసుంధర మేడంది. ఆమె తెనాలి వైపు నుంచి వచ్చి, సోమాజిగూడలో ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చాలా ఏళ్ళు పనిచేసి, తర్వాత సొంతంగా దీన్ని పెట్టారు. పోయిన చలికాలంలో ఆమె చనిపోయారు. సంస్మరణ సభలో మాట్లాడినవాళ్ళందరూ ఆమె సేవాభావం గురించి చెప్పారు. సేవ అనే మాట ఆమె వాడగా నేను వినలేదు. ఫీజు తీసుకునేవారు, పని చేసేవారు. నన్నూ మాట్లాడమన్నారు. నాకు సభల్లో మాట రాదు. ఆమె పని చేసే తీరు తెలియడానికి ఈ ఒక్క సంగతి చాలనిపించి రాస్తున్నాను.

మొదట్లో మా బోర్డు మీద ‘థెరప్యూటిక్ మసాజ్’ అని కూడా ఉండేది. ఊళ్ళో మసాజ్ అనే మాటకు పేపర్లు అప్పటికే ఒక అర్థం స్థిరపరిచాయి. ఎక్కడో స్పా మీద పోలీసులు దాడి చేశారని వార్త పడితే, మర్నాడు మా దగ్గరికి రావలసినవాళ్ళు వచ్చేవారు కాదు, రాకూడనివాళ్ళు వచ్చేవారు. వాళ్ళు గోడ మీద వెన్నెముక బొమ్మనూ, ఎదురుగా నడుం నొప్పితో కూర్చున్న ముగ్గురు పెద్దవాళ్ళనూ చూసి, కూలర్ దగ్గర గ్లాసెడు నీళ్ళు తాగి వెళ్ళిపోయేవారు. చివరికి మేడం పెయింటర్ని పిలిపించి ఆ మాట చెరిపించారు. ఆ చోట ‘నొప్పులకు చికిత్స’ అని రాయించారు. లోపల చేసే పని మారలేదు.

బోర్డు మారినా ఆడవాళ్ళు మొదటిసారి ఒంటరిగా వచ్చేవారు కాదు. అక్కో, తల్లో, అత్తగారో, పక్కింటావిడో తోడు ఉండేది. పుస్తకం ప్రకారం చికిత్స గదిలో పేషెంటు, థెరపిస్టు తప్ప మూడో మనిషి ఉండకూడదు. మేడం మాత్రం తోడు వచ్చినవాళ్ళ కోసం గదిలో ఒక స్టూలు వేయించారు. బయట కూర్చుని ఏవేవో ఊహించుకునేదానికన్నా లోపల కూర్చుని విసుగుపుట్టేదాకా చూడడం నయం అనేవారు. అది నిజమే. మా పని చూడడానికి చాలా విసుగ్గా ఉంటుంది.

మొదటి అపాయింట్‌మెంట్ గురించి జనం అనుకునేది ఒకటి, జరిగేది ఒకటి. రాగానే నూనె పట్టించి రుద్దుతారనుకుంటారు. నిజానికి మొదటి పావుగంట మాటలే, కట్టుకున్న బట్టలతోనే, కుర్చీలో కూర్చుని. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, పగలు ఎక్కువా రాత్రి ఎక్కువా, ఏ పని చేస్తే పెరుగుతుంది, షుగర్ ఉందా, బీపీ ఉందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, ఈమధ్య ఆపరేషన్ అయిందా, కడుపుతో ఉన్నారా. ఇవి కుశలప్రశ్నలు కావు. వీటిలో కొన్నిటికి అవునని జవాబు వస్తే చెయ్యి వెయ్యకుండా డాక్టరు దగ్గరికి పంపాలి. తర్వాత కదలికలు చూస్తాం. చెయ్యి ముందు నుంచి ఎంత లేస్తుంది, పక్క నుంచి ఎంత, వెనక్కి పెడితే బొటనవేలు వీపు మీద ఎక్కడిదాకా పోతుంది. ఆ తర్వాతే బల్ల. ఒళ్ళంతా దుప్పటి కప్పి, పని జరిగే భాగం ఒక్కటే తీస్తాం. అది అయ్యాక దాన్ని కప్పి, ఇంకో భాగం. నొక్కుడు ఎంత ఉండాలో పేషెంటే చెప్పాలి. ఒకటి నుంచి పది దాకా ఒక అంకె చెప్పమంటాం. మొదటి రోజే అంకె చెప్పినవాళ్ళను నేను చాలా తక్కువమందిని చూశాను. ‘మీ ఇష్టం’ అంటారు, విస్తరి ముందు కూర్చున్నట్టు.

ఇక ఆ మంగళవారం సంగతి. మౌనికను కుర్చీలో కూర్చోబెట్టి, నొప్పి ఎక్కడమ్మా అని అడిగాను.

“కుడి భుజం,” అంది స్టూలు మీద నుంచి సత్తెమ్మ.

ఎప్పటినుంచి అని మళ్ళీ మౌనికనే అడిగాను.

“దసరప్పటి సంది,” అంది సత్తెమ్మ. “చెయ్యి గిట్ల లేపితె లేస్తలేదు. రాత్రి ఆ పక్కకు ఒరిగితె పానం బోతది. దువ్వెన వట్టుకొని నెత్తిదాకా తేనీకి రాదు. ఎనకకు చెయ్యి పోనే పోదు.”

మౌనిక బుద్ధిగా తలాడించింది. పెద్దవాళ్ళు జవాబు చెప్పడం మాకు కొత్త కాదు కాబట్టి నేనూ పట్టించుకోలేదు. నొప్పి మీరే పడుతున్నంత బాగా చెబుతున్నారమ్మా అని మాత్రం అన్నాను.

“ఒక్క ఇంట్ల ఉంటం గద,” అంది ఆమె.

షుగర్ ఉందా అని అడిగినప్పుడు మొదటిసారి సత్తెమ్మ తడబడింది. నా వైపు చూసి, కోడలి వైపు చూసి, “దీనికా? దీనికేం షుగరు,” అంది.

బల్ల మీద బోర్లా పడుకునే ముందు జుట్టు మెడ మీద పడకుండా ముడి వేసుకోమన్నాను. మౌనిక రెండు చేతులూ పైకెత్తి, మెడ వెనక ఒక్క తిప్పుతో ముడి వేసుకుంది. దువ్వెన నెత్తిదాకా తేలేని మనిషి. నేను స్టూలు వైపు చూశాను. సత్తెమ్మ పైట చెంగును కుడి భుజం మీదికి లాక్కోవాలని ఎడమ చేతిని ముందు నుంచి తిప్పి తెస్తోంది. కుడి చెయ్యి ఒళ్ళో ఉన్న సంచి మీద నుంచి కదలలేదు.

అంతలో ఆమె ఫోన్ మోగింది. దుకాణాన్ని కాసేపు చూస్తున్న పక్క షాపామె. సత్తెమ్మ వరండాలోకి వెళ్ళి మాట్లాడింది. గొంతు గదిలోకి వినబడుతూనే ఉంది. “వంగపండు రంగా? లేదని చెప్పు. అయిపోయిందని చెప్పు. ఎప్పుడొస్తదంటే నాకేం ఎరుక?”

నీకు నొప్పి లేదు కదా అని మౌనికను మెల్లగా అడిగాను.

ఆ పిల్ల తలుపు వైపు చూసింది. “లేదక్కా. అత్తమ్మకు. ముందుగాల నాకు చేస్తె చూస్తదట. చూసినంక మంచిగనిపిస్తె తను చేయించుకుంటదట.” కొంచెం నవ్వింది. “శాంపిల్ లెక్క. దుకాణంల సుత గంతే. ముక్క కోసుకొని బయటికి పోయి, ఎండల పెట్టి చూడందే ఏ రంగునూ నమ్మది. ట్యూబ్‌లైటు కింద అన్నీ అబద్ధాలే అంటది.”

మా వృత్తిలో పేషెంట్లు అబద్ధాలు చెప్పడం మామూలే. నొప్పి తక్కువ చేసి చెబుతారు, మందులు దాస్తారు, చేయమన్న వ్యాయామం చేయకుండా చేశామంటారు. కానీ నొప్పి ఉన్న మనిషి స్టూలు మీద కూర్చుని, నొప్పి లేని మనిషిని బల్ల ఎక్కించడం నేను అంతకు ముందు చూడలేదు. ఏం చేయాలో రూల్సులో లేదు. మేడం గదిలోకి వెళ్ళి చెప్పాను. ఇద్దరినీ ఇంటికి పంపించమంటారనుకున్నాను.

మేడం చదువుతున్న కాగితం మీది నుంచి కళ్ళెత్తారు. “ఆ అమ్మాయికి ఇష్టమేనా?”

అడగలేదన్నాను.

“ముందు అది అడుగు. ఇష్టమైతే తేలిగ్గా ఓ అరగంట చెయ్యి. ఆ ముసలావిడకి బాగా కనబడేలా.”

ఆమె మీకన్నా రెండేళ్ళు పెద్దదేమో మేడం, అంతే అన్నాను.

“అందుకే అంత ధీమాగా అంటున్నాను,” అని మళ్ళీ కాగితంలోకి చూశారు.

తిరిగి వచ్చి మౌనికను అడిగాను. “చేయుండ్రి అక్కా,” అంది. “పగటిపూట పండుకొని మస్తు దినాలైంది.”

సత్తెమ్మ లోపలికి వచ్చి స్టూలును బల్లకు ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది. తర్వాత అరగంట ఆమె నన్ను పరీక్ష చేసినట్టు ఏ ఎగ్జామినరూ చేయలేదు. గా దుప్పటెందుకు కప్పిండ్రు అంది. అవసరం లేని చోట తీయం అని చెప్పాను. దుప్పటి అంచు వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూసి, “మంచి నూలే,” అంది. నూనె ఏందని అడిగింది. నువ్వుల నూనె అన్నాను. నమ్మినట్టు లేదు.

నొక్కుడు పదిలో ఎంత ఉందమ్మా అని మౌనికను అడిగాను.

“ఎనిమిది,” అంది సత్తెమ్మ.

నేను ఇంకా చెయ్యి వెయ్యలేదు.

భుజం కొస నుంచి మెడ దాకా వేళ్ళతో తేలిగ్గా వెళ్తుంటే, స్టూలు మీద ఉన్న సత్తెమ్మ ముఖం చిట్లించింది, పళ్ళు బిగబట్టింది, ఒకసారి ‘అమ్మా’ అంది. బల్ల మీద ఉన్న మౌనిక పది నిమిషాలు కాకుండానే నిద్రపోయింది. అది చూసి సత్తెమ్మ కంగారుపడింది. “ఏమే, పండుకున్నవా? నొస్తుందా లేదా చెప్పవే! చెప్పకుంటె నాకెట్ల ఎరుకైతది?” మౌనిక నిద్రలోనే ఏదో అంది. అది అంకె కాదు.

అయిపోయాక పక్కకు తిరిగి లేవమన్నాను, బల్ల అంచున ఒక నిమిషం కూర్చోమన్నాను, నీళ్ళు ఇచ్చాను. మొదటిసారి చేయించుకున్నవాళ్ళకు మర్నాడు కండరాల్లో కాస్త సలుపు ఉండవచ్చు, కొత్తగా బరువు పని చేసినప్పుడు ఉన్నట్టు ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది అని చెప్పాను. ఇది అందరికీ చెప్పే మాటే. చెబుతున్నప్పుడు సత్తెమ్మ గది మూలన నూనె సీసా మూత తీసి వాసన చూస్తోంది.

గురువారం ఆమె అపాయింట్‌మెంట్ లేకుండా వచ్చింది. వెనక మౌనిక తల దించుకుని నిలబడింది. బయట కుర్చీల్లో నలుగురైదుగురు పేషెంట్లు ఉన్నారు. సత్తెమ్మ వాళ్ళ మధ్యలో నిలబడి నన్ను పట్టుకుంది.

“మంచిగున్న పిల్లకు నొప్పి దెచ్చిండ్రు! నిన్న పొద్దుగాలటి సంది భుజం వట్టుకొని తిరుగుతున్నది. ఏ నొప్పీ లేనిదానికే గిట్లయితె, నొప్పున్నోళ్ళ గతేంది?”

కుర్చీల్లో ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తను అన్నదేమిటో సత్తెమ్మకు అప్పటికి తట్టలేదు. మౌనికకు తట్టింది. పిల్ల చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

మేడం తన గదిలోంచి బయటికి వచ్చారు. “కూర్చోండి సత్తెమ్మ గారూ. మంచిగా ఉన్న పిల్లని ఎందుకు తీసుకొచ్చారు?”

సత్తెమ్మ కూర్చోలేదు. “బట్ట తాను మొత్తం కొనే ముందు ముక్క చూడొద్దా?” అంది. దొరికిపోయిన మనిషి గొంతు కాదు. బేరం దగ్గర నిలబడే గొంతే.

“చూడాలి,” అన్నారు మేడం. “మీ షాపుకి ఒకావిడ మ్యాచింగ్ కోసం వచ్చింది. కావలసిన చీర ఇంట్లో బీరువాలో పెట్టి, ఇంకో చీర పట్టుకొచ్చింది. ఏం చేస్తారు?”

“తిట్టి పంపిస్త.”

“నేను తిట్టనులెండి. లోపలికి రండి.”

ఆ విధంగా సత్తెమ్మకు మొదటి అపాయింట్‌మెంట్ రెండోసారి జరిగింది. మళ్ళీ ప్రశ్నలన్నీ మొదటినుంచి అడుగుతాను అంటే ఆమెకు కోపం వచ్చింది. “అన్నీ మొన్ననే చెప్పిన గద. నొప్పి గదే. మనిషే మారింది.” మాకు మనిషే ముఖ్యం అని చెప్పి మొదలుపెట్టాను. షుగర్ ఉందా అన్నాను.

“జరంత,” అంది.

జరంత అంటే రెండు పూటలా మాత్రలు. ఈ ప్రశ్న మంగళవారం కోడలి తరఫున దాటిపోయింది. షుగర్ చాలా కాలంగా ఉన్నవాళ్ళకు చర్మం మీద వేడి సరిగా తెలియకపోవచ్చు. వేడి కాపడం పెట్టే ముందు వాళ్ళ కళ్ళు మూయించి, ఒక గొట్టంలో వేడినీళ్ళు, ఇంకో గొట్టంలో చల్లనీళ్ళు పోసి చర్మానికి ఆనించి ఏది ఏదో చెప్పమంటాం. చెప్పలేకపోతే కాపడం పెట్టం, పెడితే ఒళ్ళు కాలినా వాళ్ళకు తెలియదు. సత్తెమ్మ సరిగానే చెప్పింది. అయినా డాక్టరు దగ్గర షుగర్ చూపించుకుని రిపోర్టు తెస్తేనే తర్వాతి అపాయింట్‌మెంట్ అని మేడం కచ్చితంగా అన్నారు.

చెయ్యి ముందు నుంచి భుజం ఎత్తు దాకా కూడా లేవలేదు. వెనక్కి పెడితే బొటనవేలు తుంటి దగ్గర ఆగిపోయింది. దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. భుజం కీలు చుట్టూ ఉండే సంచిలాంటి పొర బిగిసిపోతుంది. షుగర్ ఉన్నవాళ్ళలో ఎక్కువగా చూస్తాం. మేడం ఉన్నది ఉన్నట్టు చెప్పారు. మసాజ్ వల్ల కీలు బిగుతు వదలదు. చుట్టూ ఉన్న కండరాల పట్టు సడలి, నొప్పి కాస్త తగ్గుతుంది. తగ్గితే వ్యాయామం చేయగలుగుతారు. అది వదిలేది వ్యాయామం వల్ల, కాలం వల్ల. నెలలు పడుతుంది.

“గ్యారంటీ ఉన్నదా?” అంది సత్తెమ్మ.

“లేదండీ.”

ఈ జవాబు విని లేచి వెళ్ళిపోయినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. మెట్లు దిగితే అదే రోడ్డు మీద గ్యారంటీ ఇచ్చేవాళ్ళు నలుగురు ఉండేవారు. సత్తెమ్మ కదలలేదు. “రంగు పోదని గ్యారంటీ ఇచ్చెటోనికాడ నేను సరుకు తీసుకోను,” అని కోడలితో అంది, మాతో కాదు.

ఏ పని చేస్తే నొప్పి పెరుగుతుంది అని మేడం అడిగారు. అప్పుడు అసలు విషయం బయటికి వచ్చింది.

“పై అరలకెల్లి తాన్లు తీసుడు. ఒక్క చేతితోని దిగవు,” అంది. “తీస్తలేను. దసరప్పటి సంది తీస్తలేను. ఈ ముచ్చట నా కొడుక్కు తెల్వది, తెల్వొద్దు. బేరాల్లేవమ్మా, దుకాణం కోచింగోళ్ళకు కిరాయికిద్దాం, నువ్వింట్ల కూసో అంటున్నడు. చెయ్యి లేస్తలేదని ఎరుకైతె రేపే తాళమేస్తడు. నేనింట్ల కూసోని ఏం జెయ్యాలె? టీవీ చూడాల్నా?”

మరి పై అరల్లో రంగు అడిగితే ఏం చేస్తున్నారని అడిగాను.

జవాబు స్టూలు మీద నుంచి వచ్చింది. ఈసారి అక్కడ కూర్చున్నది మౌనిక. “చెయ్యి అందని రంగులన్నీ అయిపోయినయంటది అక్కా.”

అలా అమీర్‌పేటలోని ఆ దుకాణంలో దసరా నుంచి వంగపండు రంగు లేదు. నెమలికంఠం లేదు, ఎండుమిర్చి లేదు, ఉల్లిపొర రంగు లేదు. నేల నుంచి సత్తెమ్మ ఛాతీ దాకా ఉన్న రంగులే ఉన్నాయి. మిగతావన్నీ కళ్ళ ముందే తాన్లు తాన్లుగా పేర్చి ఉండగానే అయిపోయాయి. అడిగినవాళ్ళు ముందు ఆశ్చర్యపోయారు, తర్వాత పక్క షాపుకు పోయారు, ఆ తర్వాత నేరుగా పక్క షాపుకే పోవడం మొదలుపెట్టారు. బేరాలు తగ్గాయి. బేరాలు తగ్గాయి కాబట్టి దుకాణం మూసేద్దామని కొడుకు అంటున్నాడు. దుకాణం పోకుండా ఉండాలని ఆమె చెయ్యి దాస్తోంది. చెయ్యి దాచడానికి రంగులు దాస్తోంది. ఆ దాచడమే దుకాణాన్ని మూయిస్తోంది. ఇది ఆమెకు తెలియదని నేను అనుకోను. లెక్క తెలిసిన మనిషే. కాని ఒకసారి లేదని చెప్పిన రంగును మర్నాడు ఉందని చెప్పాలంటే చెయ్యి లేవాలి కదా.

ఆ తాన్లు కిందికి దింపించుకోవచ్చుగా అన్నారు మేడం.

“ఎందుకు దించినవని అడగడా?” అంది. “వాడు పుట్టినప్పటి సంది ఏ రంగు ఎక్కడుంటదో చూస్తున్నడు.”

మౌనిక తీయవచ్చు కాని ఇంటిపని అయి, పిల్లలు బడి నుంచి వచ్చి కుదురుకునేదాకా ఆమెకు దుకాణానికి రావడం కుదరదు. అప్పటికి కొడుకు కూడా ఆఫీసు నుంచి దుకాణానికి వచ్చేస్తాడు.

వారానికి రెండుసార్లు రమ్మన్నాం. కొడుక్కి బల్కంపేట ఎల్లమ్మ గుడికి అని చెప్పి వచ్చేవారు. వారానికి రెండుసార్లు గుడికి పోయే తల్లిని ఏ కొడుకూ ఎక్కడికని అడగడు. ఒకసారి అతను ప్రసాదం తెమ్మన్నాడట. ఆ రోజు మా దగ్గరి నుంచి నిజంగానే గుడికి పోవలసి వచ్చిందని మౌనిక చెప్పింది.

సత్తెమ్మ బల్ల మీద మంచి పేషెంటు కాదు. నొక్కుడు పదిలో ఎంత అంటే, “మీ ఇష్టం,” అనేది.

“ఏడు, అక్కా,” అనేది మౌనిక స్టూలు మీద నుంచి. “కాలివేళ్ళు ఎట్ల ముడుసుకున్నయో చూడుండ్రి.”

“నువ్వు నోరు మూసుకోవే. నొప్పి నీకా నాకా?”

“నాకు జేసిననాడు ఎనిమిదన్నవ్ గద అత్తమ్మా. అప్పుడు అక్క ఇంకా చెయ్యే పెట్టలే.”

సత్తెమ్మ దిండులోకి ఏదో తిట్టేది. అయితే ఆ తర్వాత నుంచి అంకె చెప్పడం మొదలుపెట్టింది, కోడలు చెప్పే అంకె తప్పని చూపించడానికి. మాకు కావలసింది అంకె, కారణం ఏదైనా ఫరవాలేదు.

ఇంట్లో చేయడానికి మేడం ఇచ్చిన వ్యాయామాల్లో ఒకటి గోడ ఎక్కడం. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్ళను మెట్లెక్కిస్తున్నట్టు గోడ మీద పైకి నడిపించాలి. ఎంతదాకా వెళ్తే అంతదాకా, ఆగి, మెల్లగా దించాలి. ఇంట్లో గోడ ముందు నిలబడితే కొడుకు చూస్తాడు అంది సత్తెమ్మ. దుకాణంలో అరల ముందు నిలబడండి అన్నారు మేడం, తాన్లు సర్దుతున్నారనుకుంటారు. అలా ఆమె వేళ్ళు రోజూ ఉదయం దుకాణం తెరిచాక అరలెక్కడం మొదలుపెట్టాయి. ఏ అర దాకా వచ్చామో మాకు డిగ్రీల్లో కన్నా రంగుల్లో తెలిసేది. కొన్ని వారాలకు ఇటుక రంగు అందింది. తర్వాత ఉల్లిపొర. చెయ్యి ఏ అరకు చేరితే ఆ అరలో స్టాకు వచ్చింది. మొన్న లేదన్నారు కదమ్మా అని ఒకావిడ అడిగితే, “నిన్న సూరత్‌కెల్లి దిగింది,” అని చెప్పిందట. ఆ తాను అరలో ఉండగానే దాని మీద దుమ్ము దులిపి ఇచ్చిందని మౌనిక చెప్పింది.

మధ్యలో మూడు వారాలు ఎటూ కదల్లేదు. ఆమె మాతో మాట్లాడడం మానేసింది. ఒకరోజు బల్ల మీద నుంచి లేవకుండానే, “లేవదా ఇంక?” అని అడిగింది. మేడం వచ్చి, కోణం కొలిచే స్కేలు పెట్టి చూసి, ఆగుతుంది, ఆగినప్పుడు వ్యాయామం ఆపకూడదు అని మాత్రం చెప్పారు. ధైర్యం చెప్పలేదు. సత్తెమ్మ తర్వాతి అపాయింట్‌మెంటుకు వచ్చింది.

శ్రావణమాసం వచ్చేసరికి చెయ్యి పైనుంచి రెండో అర దాకా లేచింది. మ్యాచింగ్ సెంటర్లకు శ్రావణమే పెద్ద సీజన్. వంగపండు రంగు, నెమలికంఠం, ఎండుమిర్చి అన్నీ ఆ అర లోపే ఉన్నాయి. అన్నిటికన్నా పై అర మటుకు రాలేదు. అది రాకపోవచ్చు అన్నారు మేడం, ఆమె ముఖం చూస్తూనే. “అండ్ల అన్నీ నడవని రంగులే,” అంది సత్తెమ్మ. ఇంటిపని పొద్దున్నే ముగించుకుని, పిల్లలను బడికి పంపాక మౌనిక కూడా పగలు దుకాణానికి రావడం మొదలుపెట్టింది. పై అర ఆమెకు వదిలేశారు.

బేరాలు పెరిగాయి. కొడుకు ఆ వేసవిలో దుకాణానికి ఎల్‌ఈడీ బోర్డు పెట్టించాడు. చూశావా అమ్మా, బోర్డు పెట్టిస్తే ఎట్ల నడుస్తుందో అన్నాడట. అవును బిడ్డా అందట. కోచింగ్ వాళ్ళు వేరే చోట గది చూసుకున్నారు. చెయ్యి సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. చివరి అపాయింట్‌మెంట్ రోజున, “బోర్డు మంచిగనే ఉన్నది,” అని సత్తెమ్మ మాతో అంది. “కండ్లు మండుతయి గని.”

ఆ కేసు నాకు నేర్పింది చిన్న విషయమే. మొదటిసారి వచ్చినవాళ్ళు తమ నొప్పి చూపించడానికి ముందు మమ్మల్ని చూస్తారు. చూడడానికి తమ వృత్తిలో తెలిసిన పద్ధతే వాడతారు. కోచింగ్ లెక్చరర్ ఒకాయన నన్ను కండరాల పేర్లు అడిగాడు. బ్యాంకు ఆఫీసరు ఒకావిడ సర్టిఫికెట్ చూపించమంది, రెండు వైపులా. బట్టలమ్మే ఆమె ముక్క పట్టుకొచ్చింది. అబద్ధం పట్టుకున్నామని అక్కడే ఆపితే, నొప్పి ఉన్న మనిషి నొప్పితోనే మెట్లు దిగిపోతుంది. మేడం దీన్ని ఎప్పుడూ ఒక సూత్రంగా చెప్పలేదు. ఆ అమ్మాయికి ఇష్టమేనా అని అడిగారు, అంతే.

మేడం ఆరోగ్యం తగ్గాక సెంటర్‌ను ఒక పెద్ద సంస్థ తీసుకుంది. నేను అంతకు ముందే రిటైరయ్యాను. ఇప్పుడు మొదటి అపాయింట్‌మెంట్ ఫోన్లోనే మొదలవుతుంది. ప్రశ్నలకు జవాబులు ఇంటి నుంచే నొక్కి పంపాలి. సరిగా పంపకపోతే టైము ఇవ్వరు. పద్ధతి మంచిదే, పొరపాట్లు తగ్గుతాయి. తోడు వచ్చినవాళ్ళకు బయట ఏసీ హాల్లో సోఫాలు ఉన్నాయి. నొప్పి లేని మనిషిని బల్ల మీద పడుకోబెట్టడం ఇప్పుడు లేదు.